పాడుబడ్డ బండల క్వారీని బాగు చేసేటప్పుడు వాననీటినీ బురదనూ కట్టడి చేయడం ఎలా

శనగ విత్తి పది రోజులైంది. మొలకలు అప్పుడే ఆకు విప్పుతున్నాయి. ఆ రాత్రి పడింది పెద్ద వానేం కాదు, గంటసేపు దంచి పోయింది. తెల్లారి పోయి చూస్తే నల్లరేగడి చేను తెల్లగా కనపడింది. పైన గుట్టవారన వారం ముందు నేను చదును చేయించిన వేస్టు బండల డంపు నుంచి దిగిన సున్నపు బురద, సాళ్లన్నీ కప్పేసి బెత్తెడు మందాన పరుచుకుని ఉంది. చేనాయన గట్టు మీద గొంతుక్కూర్చోని, "ఏం సారూ, నా చేనికి సున్నం కొట్టిచ్చినావే" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తప్పు నాది. డంపు చదును చేశాక తీరిగ్గా కాలువలు తవ్వుకుందామనుకున్నా. పని కింది నుంచి పైకి రావాలి. ముందు కింద బురద నిలిపే కుంట, తర్వాత పైనీళ్లను పక్కకు తిప్పే కాలువ, ఆ రెండూ అయ్యాకే మట్టి తవ్వే హిటాచీ బండి డంపు ఎక్కాలి. కింద రాసిందంతా ఈ వరసలోనే ఉంటుంది.

మన సీమలో బొగ్గు లేదు. కానీ మూతబడ్డ గనిలో వాననీటిని ఎట్లా పట్టుకోవాలో వివరంగా రాసిన పుస్తకాలు ఎక్కువగా బొగ్గు గనుల మీదే వచ్చాయి. ఆ పద్ధతులనే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల క్వారీలకు సరిపోయేట్టు మార్చి చెబుతున్నా. ముఖ్యమైన తేడా ఒకటుంది. బొగ్గు గనిలో గంధకం ఉన్న రాయి గాలికీ నీటికీ తగిలి నీళ్లు పుల్లబడతాయి. మన నాపరాయి సున్నపురాయి కాబట్టి ఆ బెడద లేదు, మన బాధంతా బురదతోనే. మంగంపేట వైపు బెరైటీస్ ఖనిజానికి తోడు నల్లరాయి తగిలేచోట మాత్రం గుంతలో తుప్పురంగు నీళ్లు ఊరుతున్నాయేమో చూసి, నీళ్ల పులుపు తెలిపే పీహెచ్ కాగితం ముంచి చూసుకోండి. పులివెందుల దగ్గరి పాత ఆస్‌బెస్టాస్ డంపుల జోలికి ఈ పద్ధతితో పోవద్దు. అక్కడ ప్రమాదం దుమ్ములో ఉంది, అది వేరే నిపుణుల పని.

పని మొదలుపెట్టే ముందు భూమి ఎవరిదో, లీజు ఉందో రద్దయిందో గనుల శాఖలోనూ తహసీల్దారు ఆఫీసులోనూ కాగితం మీద తేల్చుకోండి. నాపరాయి చిన్నతరహా ఖనిజాల కింద, 1966 నాటి నియమాల పరిధిలోకి వస్తుంది. వంకను మళ్లించాలన్నా, చెట్లు కొట్టాలన్నా నీరు, భూమి, చెట్ల కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం అడ్డొస్తుంది. డంపు లోంచి పనికొచ్చే బండ ఒక్క ట్రాక్టరు బయటికి పోయినా రేపు మీమీదికే వస్తుంది.

మొదట, వానలో ఒకసారి తిరగండి

ఎండలో చూసిన క్వారీ వేరు, వానలో చూసిన క్వారీ వేరు. గొడుగేసుకుని ఒక వానకైనా అక్కడే నిలబడాలి. కుదరకపోతే పక్క చేలవాళ్లను, గొర్రెల కాపరులను అడగండి. నీళ్లు యాడనుంచి వస్తాయో, యాడ తెగుతాయో వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.

ఒక కాగితం మీద గుట్ట, డంపులు, గుంత, దారి, వంక, కింది చేలు, చెరువు వేసుకుని నీళ్లను మూడు రకాలుగా గీయండి. గుట్ట మీద పడి క్వారీని ముట్టకుండా రాగల నీళ్లు ఒక రకం. డంపు మీద, లారీల దారి మీద పడి బురదయ్యే నీళ్లు రెండో రకం. గుంతలోనే పడేవి మూడోది. మొదటి రకాన్ని రెండోదాంట్లో కలవనివ్వకపోతే సగం పని అయినట్టే. తేట నీళ్లను పక్కకు పంపడం చవక. బురదైన నీళ్లను మళ్లీ తేటపరచడానికి ఎంత ఖర్చు పెట్టినా పూర్తిగా కుదరదు.

బురద రకం తెలియాలంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. డంపు మట్టి మూడు చోట్ల పిడికెడు తీసి, లీటరు నీళ్ల సీసాలో వేసి, నిమిషం బాగా గిలకొట్టి కిటికీలో పెట్టండి. ఇసుక మీ కళ్లముందే అడుక్కు పోతుంది. సన్న ఒండ్రు మధ్యాహ్నానికి దిగుతుంది. మూడో రోజుకు కూడా నీళ్లు పలచని మజ్జిగలా ఉన్నాయంటే అందులో బంకమన్ను గానీ పాలిషింగ్ పొడి గానీ ఉంది. లెక్క చూస్తే మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. అందులో పదో వంతున్న ఒండ్రుకు మూడు గంటలు పడుతుంది. బంకమన్నుకు మూడు రోజులు. కుంటలో నీళ్లు ఎంతసేపు నిలవాలో మీ సీసానే చెబుతుంది.

లెక్క

అనంతపురంలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, కడపలో 700 దాకా. తక్కువే అనిపిస్తుంది. కానీ మన దగ్గర వాన పడితే కుండపోతే, లేకపోతే లేదు. అందుకే ఏడాది వాన లెక్క పక్కనబెట్టి, గంటకు ఎంత జోరుగా పడుతుందో పట్టుకోవాలి.

ఒక హెక్టారులో ఒక మిల్లీమీటరు వాన పడితే 10 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే రెండు ట్యాంకర్లంత. జోరు తెలియడానికి ఒక సూత్రం ఉంది. విస్తీర్ణాన్ని హెక్టార్లలో, వాన జోరును గంటకు మిల్లీమీటర్లలో తీసుకుని, రెంటినీ ప్రవాహ గుణకంతో (పడ్డ వానలో ఎన్నో వంతు పారుతుందో చెప్పే సంఖ్య) హెచ్చించి 360తో భాగించాలి. సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లు వస్తాయో తేలుతుంది. చెట్టూ చేమా లేని రాతి గుట్టకు నేను 0.6 గుణకం పెట్టుకుంటా. గుట్ట 4 హెక్టార్లు, వాన గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుంటే 0.6 × 60 × 4 ÷ 360, అంటే 0.4 ఘనపు మీటర్లు. సెకనుకు 400 లీటర్లు! రెండు డ్రమ్ముల నీళ్లు ప్రతి సెకనూ మీ డంపు మీద పడుతున్నాయనుకోండి. పది హెక్టార్లు దాటిన పరీవాహకానికి, లేదా కింద ఇళ్లుంటే, ఈ చేతిలెక్కను నమ్ముకోకుండా ఇంజనీరును పిలవండి.

కింద కుంట

డంపులన్నింటి నీళ్లు చేరే పల్లపు చోట, చేలకు పైన, కుంట తవ్వాలి. వంక నడుమ తవ్వొద్దు. వంకకు పక్కగా ఉండాలి, లేకపోతే గుట్ట నీళ్లన్నీ అందులోకే వచ్చి ఉన్న బురదను కూడా ఎత్తుకుపోతాయి.

మట్టి కదిలించే ప్రతి హెక్టారుకు 250 ఘనపు మీటర్ల జాగా అనేది అమెరికాలో నిర్మాణ స్థలాలకు వాడే కొలత. మనకూ మొదలుపెట్టడానికి బాగుంటుంది. మూడు హెక్టార్ల డంపుకు 750 కావాలి. పైన 32 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, అంచులు మీటరుకు మీటరు వాలు పెట్టి తవ్వితే దాదాపు 780 వస్తుంది. పొడవు వెడల్పుకు రెండింతలకు తగ్గొద్దు. నీళ్లు ఒక కొసన వచ్చి రెండో కొసన పోవాలి. వచ్చే చోటికి పక్కనే పోయే చోటు పెట్టిన కుంటలు నేను చాలా చూశా. అందులో నీళ్లు నిలిచినట్టు కనపడతాయి గానీ బురద మాత్రం అడ్డదారిన పోతూనే ఉంటుంది. స్థలం చాలక పొడవు కుదరకపోతే, కుంట మధ్యలో గుంజలు పాతి కొబ్బరినార చాప గానీ గోనెపట్టా గానీ అడ్డం కట్టి నీళ్లను చుట్టు తిప్పండి.

పుస్తకాల్లో కనపడని సంగతి ఒకటి మన నేలలో ఉంది. కింద సున్నపురాయి, అందులో పగుళ్లు, సొరంగాలు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసినవాళ్లకు ఈ రాయి లోపల నీళ్లు ఎంత దూరం దారి చేసుకుంటాయో చెప్పక్కర్లేదు. కుంట అడుగున పగులు తేలితే బురద నీళ్లు నేరుగా పక్క బోరులోకి పోతాయి. తవ్వగానే అడుగంతా ఊడ్పించి చూడండి. పగుళ్లుంటే చిన్న రాళ్లు కూరి, పైన అడుగు మందాన రేగడి మట్టి పోసి, తడిపి, రోలర్‌తో తొక్కించండి. అయితే ఒట్టి రేగడితో కట్ట మాత్రం పోయొద్దు. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలిచ్చి తొలివానకే తెగుతుంది. కట్టకు గరుసు కలిపి, జానెడు మందం పొరలుగా తడిపి తొక్కించాలి.

నీళ్లు బయటికి పోయే దారులు రెండుండాలి. ఒకటి నిలువు పీవీసీ పైపు. పైభాగాన బెజ్జాలు కొట్టి, చుట్టూ కంకర పోస్తే రెండు మూడు రోజుల్లో మెల్లగా తేట నీళ్లను వదులుతుంది. రెండోది మరువ, అంటే కుంట నిండాక మిగులు నీళ్లు పొంగిపోయే దారి. మీ లెక్కకు మించిన వాన ఒకరోజు వచ్చి తీరుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఏమైందో రాజంపేట వాళ్లను అడగండి. మన కుంట చిన్నదే, కానీ నీళ్లు కట్ట మీదుగా పారితే కట్ట మిగలదు, కుంటైనా ప్రాజెక్టైనా అంతే. మరువను కట్ట మట్టి మీద కాకుండా పక్క గట్టి నేలలో తవ్వండి. కట్ట కన్నా కనీసం అడుగు కిందికి ఉండాలి. దాని మీద వేస్టు బండలు పరిచి, పారే నీళ్లు దిగే చోట ఇంకొన్ని బండలు నిలువుగా పాతండి.

పైన కాలువ

డంపుకు ఎగువన, గుట్ట మొదట్లో, దండలా చుట్టేసే కాలువ ఇది. సెకనుకు 0.4 ఘనపు మీటర్ల నీళ్లకు కాలువ అడుగుభాగం వెడల్పు అర మీటరు, అంచులు మీటరుకు మీటరు వాలు, నీటిలోతు అర మీటరు, పైన ఇంకో 30 సెంటీమీటర్ల జాగా వదిలితే సరిపోతుంది. వాలు 200 మీటర్లకు ఒక మీటరు. అంతకన్నా ఎక్కువ వాలిస్తే నీళ్లు కాలువనే కోసుకుంటాయి, తక్కువైతే పూడిపోతుంది.

వాలు కంటితో చూసి తీయించొద్దు. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్ తీసుకుని ఇరవై మీటర్లకొక ముగ్గు గుర్తు పెట్టండి. 20 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగాలి. వాటర్‌షెడ్ పనుల్లో లెవెల్ చూసే ఏ-ఫ్రేమ్ చట్రం పట్టినవాళ్లు ప్రతి ఊరిలోనూ ఉన్నారు, వాళ్లను పిలుచుకోండి. జేసీబీ డ్రైవరు "నాకు తెలుసన్నా" అంటాడు. వినొద్దు.

తవ్విన మట్టిని కాలువకు దిగువ వైపు కట్టలా పోయాలి. కాలువ వంకలో కలిసే కొసన బండలు పరిచి నీటి దూకుడు తగ్గించాలి. ఇక్కడే చాలా కాలువలు తెగుతాయి.

ఇప్పుడు హిటాచీ ఎక్కించండి

పని కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. మన దగ్గర అసలు దెబ్బ సెప్టెంబరు నుంచి నవంబరు లోపల పడుతుంది కాబట్టి, జూన్ తొలకరికి గడ్డి విత్తేసి సెప్టెంబరు నాటికి వేరు పట్టించాలి. డంపంతా ఒకేసారి తవ్వి పెట్టొద్దు. ఈ సీజన్‌లో ఎంతవరకు చదును చేసి విత్తగలరో అంతే ముట్టుకోండి. మిగతా డంపు అట్లే గట్టిపడి ఉంటే దాంట్లోంచి వచ్చే బురద తక్కువే.

డంపు వాలు మూడు మీటర్ల అడ్డానికి ఒక మీటరు ఎత్తు ఉంటే గడ్డి నిలుస్తుంది. ఐదారు మీటర్ల ఎత్తుకొక మెట్టు తీసి, ఆ మెట్టు బయటికి కాకుండా లోపలికి, గుట్ట వైపుకు, కాస్త వాలేట్టు చేయండి. మెట్టు మీద నీళ్లు అంచు దాటి దూకకుండా పక్కకు నడిచి, బండలు పరిచిన ఒకే దారిన కిందికి దిగాలి. ఆ దారి కుంటకు చేరాలి.

డోజర్‌ను చివరగా వాలుకు అడ్డంగా కాకుండా నిలువుగా, పైకీ కిందికీ నడిపించండి. వాలు మరీ నిటారుగా ఉన్నచోట మాత్రం ఒద్దు, బండి దొర్లుతుంది. నిలువుగా నడిస్తే గొలుసు పళ్ల అచ్చులు వాలుకు అడ్డంగా పడతాయి. ప్రతి అచ్చూ గుప్పెడు నీళ్లను, నాలుగు గింజలను పట్టుకుంటుంది. అడ్డంగా నడిస్తే అచ్చులు నిలువుగా పడి, ప్రతిదీ ఒక చిన్న కాలువవుతుంది. నున్నగా పెళ్లిపందిరి నేలలా చదును చేయించి ఫోటో తీసుకునే కంట్రాక్టర్లున్నారు. వానకు మొదట కొట్టుకుపోయేది ఆ నున్నటి డంపే.

పాలిషింగ్ ఫ్యాక్టరీల తెల్ల బురద డంపులో దొరికితే వాలు మీద పరచొద్దు. ఎండితే పిండిలా లేస్తుంది, తడిస్తే పాలలా పారుతుంది. దాన్ని గుంత అడుగున, బోర్లకు దూరంగా, పగుళ్లు లేని మూల పోయించి పైన రాళ్లు, మట్టి కప్పండి.

కాలువల్లో రాతికట్టలు

నీళ్ల దూకుడు తగ్గి బురద ఆగడానికి కాలువలకు అడ్డంగా చిన్న రాతికట్టలు కట్టాలి. ఇంత రాయి పెట్టుకుని కట్టలకు రాయి కొనే అవసరం రాదు. కానీ నాపరాయితో ఒక చిక్కుంది. పలకలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చూడ్డానికి గోడలా అందంగా ఉంటాయి, నీళ్లు తోస్తే మాత్రం పేకముక్కల్లా జారిపోతాయి. అందుకే కట్ట పొట్టలోకి మూలలున్న గుండ్లు, చెక్కలు వేయాలి. పలకలను దిగువ మొదట్లో అడుగున్నర లోతు పాతి నిలబెట్టాలి. మన చేల చుట్టూ బండల కంచె పాతుతాం చూడండి, అట్లా. ఎగువ ముఖానికి సన్న చిప్స్ పోస్తే అవి బురదను వడకడతాయి.

కట్ట ఎత్తు రెండడుగులు దాటొద్దు. నడిమి భాగం అంచులకన్నా జానెడు పల్లంగా ఉండాలి, లేకుంటే నీళ్లు పక్కల నుంచి దారి చేసుకుని కట్టను ఒంటరిగా వదిలేస్తాయి. దిగువ కట్ట నడిమి ఎత్తు ఎగువ కట్ట మొదటికి సమంగా రావాలి. 60 సెంటీమీటర్ల కట్టలు, వందకు నాలుగు వాలున్న కాలువ అయితే 15 మీటర్లకొకటి.

కాలువ లేని వాలు అడుగున తుమ్మకంప గానీ పాత సిమెంటు సంచుల పట్టా గానీ అడ్డం కట్టొచ్చు. పట్టా అయితే కింది అంచును జానెడు లోతు మట్టిలో పూడ్చాలి. ఊరకే వేలాడదీస్తే బురద కింద నుంచి దూరిపోతుంది. 30 మీటర్ల పట్టాకు పావు ఎకరా నీళ్లకన్నా ఎక్కువ రాకూడదు. పారే కాలువకు అడ్డంగా పట్టా కట్టడం మాత్రం వృథా.

మట్టి, గడ్డి

డంపు మీద పరచడానికి మంచి మట్టి దొరకడం కష్టం. ఉన్నదాన్ని పని మొదట్లోనే వేరే కుప్ప పోసి, మనిషి ఎత్తుకు మించకుండా ఉంచి, పైన ఉలవలు చల్లి కాపాడుకోండి. రాళ్ల మీద రేగడి ఒక్కటే పరిస్తే తడిసి ఉబ్బి జారిపోతుంది. ఎర్రమట్టి ఒక్కటే అయితే పైన పెంకు కట్టి నీళ్లు ఇంకనివ్వదు. రెండూ కలిపి, పశువుల ఎరువు వేసి, రాళ్ల సందుల్లోకి దిగేట్టు పరచండి.

తొలి వానకు తొందరగా నేల కప్పేది ఉలవ, జొన్న. వాటి నీడలో అంజన్ గడ్డి, స్టైలో అనే మేత మొక్క నిలదొక్కుకుంటాయి. మెట్ల అంచున, కుంట కట్ట మీద వట్టివేరు జానెడుకొక పిలక, రెండు వరసలు నాటాలి. చెట్లలో కానుగ, వేప, సీతాఫలం, గ్లైరిసిడియా సున్నపు నేలను తట్టుకుంటాయి. కంప తుమ్మను మీరు నాటక్కర్లేదు, అదే వస్తుంది. దాన్ని పీకాలా వద్దా అని ఊర్లో ఎప్పుడూ తగాదే. నా మటుకు తొలి రెండేళ్లు ముట్టుకోను, ఏ వేరైనా వేరే కదా. మేకలను మాత్రం తొలి వానాకాలం రానివ్వకూడదు. కాపరులతో ముందే మాట్లాడుకుని, గడ్డి పెరిగాక కోసుకుపొమ్మని ఒప్పించండి. కంచె కన్నా ఈ మాటే గట్టిగా నిలుస్తుంది.

గుంత సంగతి

బురదంతా గుంతలోకే తోసేస్తే కుంట ఎందుకని అందరూ అడుగుతారు. గుంతలోంచి ఎవరూ మోటరు పెట్టి నీళ్లు తోడకపోతే, అడుగున పగుళ్లు లేకపోతే, నేనూ అదే చేస్తా, డబ్బు మిగులుతుంది. కానీ చాలా గుంతల్లో రైతుల మోటర్లున్నాయి, ఎండాకాలం పశువులు తాగేది కూడా అక్కడే. అలాంటి గుంతను తేట నీళ్లకే ఉంచండి. అంచు చుట్టూ నిలువు బండలు పాతి, దిగడానికి ఒకవైపు మెట్లు కట్టించండి. పిల్లలు ఈతకు దిగి పోయిన గుంతలు మన వైపు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవడం కష్టం.

వాన పడిన ప్రతిసారీ

చదును అయిన రోజుతో పని అయిపోదు. 20 మిల్లీమీటర్లు దాటిన ప్రతి వాన మర్నాడు ఒక మనిషి పార పట్టుకుని మొత్తం తిరిగి రావాలి. కాలువలో కూలిన చోటు, కట్ట పక్కన నీళ్లు తవ్విన చోటు, వాలు మీద వేలెడు గాడి పడిన చోటు, అన్నీ ఆరోజే సరిచేయాలి. వేలెడు గాడి రెండో వానకు మోకాటి లోతవుతుంది.

కుంటలో ఒక కర్ర పాతి, సగం ఎత్తు దగ్గర ఎర్రరంగు పూయండి. బురద ఆ రంగుకు చేరితే ఎండాకాలం దాకా ఆగకుండా తీసేయండి. తీసిన పూడికను చెరువు మట్టిలా చేలకు తోలొద్దు. సున్నపు రాతిపొడి నిండిన బురద అది, నేలకు బలం ఇవ్వదు. డంపు మెట్ల వెనక పోసి, మట్టి కప్పి, విత్తనం చల్లండి.

మూడో రోజుకు కూడా నీళ్లు తేటపడకపోతే పటిక వాడొచ్చు. కుంటలో ఊరికే గుమ్మరించొద్దు. నాలుగు బకెట్లలో నాలుగు మోతాదులు వేసి, దేంట్లో ముందు విరిగితే ఆ లెక్కనే కుంటకు కట్టండి. బిందెలో నీళ్లు తేటపడ్డానికి మన అవ్వలు చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు, సూత్రం అదే.

రెండు వానాకాలాలు గడిచి, డంపు మీద నడుస్తుంటే మట్టికన్నా గడ్డే ఎక్కువ కాలికి తగులుతుంటే, దిగే నీళ్లను సీసాలో పట్టి గంట నిలబెట్టండి. అడుగున పడే ఒండ్రు గోరంత మందం కూడా లేకపోతే కుంటకు ఇక బురద పని లేదు. పూడ్చాలనుకుంటే ఎండాకాలంలో, కట్టను పై నుంచి మెల్లగా దించుతూ పూడ్చండి. పైనుంచి వచ్చే నీళ్ల దారికి బండలు పరిచాకే ఆ పని. కింది రైతు ఉంచమంటే నిలువు పైపు బెజ్జాలు మూసేసి, మరువ ఒక్కటి వదిలి, నీటికుంటగా రాసి అప్పజెప్పండి. మా శనగచేను ఆయన ఉంచమనే అన్నాడు, మరువ మాత్రం ఇంకో అడుగు వెడల్పు చేయించమన్నాడు.